గది అద్దె 268, బిల్లులో 310: ఒక రిసార్ట్ ఫీజు కేసు

2025 మార్చి మొదటి వారంలో హిమాయత్‌నగర్‌లోని మా ఆఫీసుకు ఒక పెద్దాయన వచ్చారు. బ్యాంకులో 34 ఏళ్లు పనిచేసి రిటైరైన మనిషి, ఉండేది వనస్థలిపురం. మంచినీళ్లు వద్దన్నారు. సంచిలోంచి మూడు కాగితాలు తీసి నా బల్ల మీద పక్కపక్కన పరిచారు. ఒకటి నేనిచ్చిన కొటేషన్. రెండోది మా లెటర్‌హెడ్ మీద కొట్టి ఇచ్చిన హోటల్ వోచర్. మూడోది అమెరికాలో హోటల్ వాళ్లు చివరి రోజు చేతిలో పెట్టిన బిల్లు. మూడింటి మీదా ఎర్ర పెన్సిల్ గీతలు. కొటేషన్‌లో "అన్ని పన్నులూ కలిపి" అన్న మాట కింద మాత్రం రెండు గీతలున్నాయి.

"తప్పెవరిదో తర్వాత తేల్చుకుందామమ్మా. ముందు ఈ 336 డాలర్లు దేనికో నాకు అర్థమయ్యేలా చెప్పు" అన్నారు.

నేను 18 ఏళ్లుగా విదేశీ ప్రయాణాల ఏర్పాట్లు చూస్తున్నాను. ఫిర్యాదులు కొత్త కాదు. చాలావరకు విమానం ఆలస్యమో, కిటికీ తీస్తే గోడ కనిపించిందనో వస్తాయి. ఇది అలాంటిది కాదు. ఇందులో హోటలు ఉంది, మధ్యవర్తి పోర్టల్ ఉంది, నేనూ ఉన్నాను. ముగ్గురిలో ఎవరి చేతులూ శుభ్రంగా లేవు. అందుకే ఆయన అనుమతితో, పేర్లు తీసేసి, కేసు మొత్తం రాస్తున్నాను.

బుకింగ్ ఎలా జరిగింది

ఆయన కూతురు, అల్లుడు కొలరాడో రాష్ట్రంలో డెన్వర్ పక్కనున్న అరోరాలో ఉంటారు. ఇద్దరు మనవరాళ్లు. మంచు కురుస్తుంటే చూడాలన్నది ఆయన భార్య ఎన్నో ఏళ్ల కోరిక. 2025 ఫిబ్రవరి 14 శుక్రవారం నుంచి 18 మంగళవారం ఉదయం దాకా నాలుగు రాత్రులు, రెండు గదులు, సమ్మిట్ కౌంటీలోని (కౌంటీ అంటే మన జిల్లా లాంటిది) ఒక స్కీ పట్టణం. ఆ 17వ తేదీ ప్రెసిడెంట్స్ డే, అక్కడ సెలవు. సంక్రాంతి ముందు రోజు విజయవాడ బస్సులో సీటు ఎలా ఉంటుందో, ఆ వారాంతంలో కొలరాడో కొండల్లో గది అలా ఉంటుంది.

అల్లుడు తానే బుక్ చేస్తానన్నాడట. ఈయన ససేమిరా ఒప్పుకోలేదు. "పిలిచేది మేము. ఖర్చు మాది" అని, అంతా రూపాయల్లో ఇక్కడే కట్టేసి, అక్కడ పర్సు తీయాల్సిన అవసరమే లేకుండా చూడమని నన్ను అడిగారు. 2024 నవంబర్‌లో చేసిన బుకింగ్ ఇది. ఆ షరతును నేను నోటుపుస్తకంలో రాసుకున్నాను కూడా.

మా లాంటి చిన్న ఏజెన్సీలు హోటళ్లతో నేరుగా మాట్లాడవు. నెట్ రేట్లు, అంటే ఏజెంటు మార్జిన్ కలపని ధరలు, ఇచ్చే పోర్టల్‌లో వెతుకుతాం, మా మార్జిన్ కలుపుకుంటాం, కొటేషన్ ఇస్తాం. తెర మీద ధరలు తక్కువ నుంచి ఎక్కువకు వరుసలో వస్తాయి. పైన కనిపించిన హోటల్ 268 డాలర్లు. దాని కింద ఇంకొకటి 295 డాలర్లు, టిఫిన్ కలిపి, స్కీ చేసేవాళ్లను కొండ మీదికి తీసుకెళ్లే లిఫ్టుకు పది నిమిషాల నడక దూరం. నేను రెండూ పంపాను. ఆయన ఒక రోజు ఆలోచించి మొదటిది ఖాయం చేశారు. గదికి రాత్రికి 27 డాలర్ల తేడా. రెండు గదులు, నాలుగు రాత్రులు అంటే 216 డాలర్లు మిగులు. ఆ లెక్క ఆయన నాకు ఫోనులో చెప్పారు, కాస్త గర్వంగానే. పన్నులతో కలిపి 2,412 డాలర్లకు సమానమైన రూపాయలు కట్టారు.

వోచర్ దగ్గర మా ఆఫీసు పని తీరు గురించి ఒక మాట చెప్పాలి. పోర్టల్ ఇచ్చే వోచర్‌ను ఉన్నదున్నట్టు కస్టమర్‌కు ఇవ్వం. అందులో పోర్టల్ పేరు, ఫోన్ నంబరు ఉంటాయి, ఒక్కోసారి నెట్ రేటు కూడా కనిపిస్తుంది. కాబట్టి మా కుర్రాడు దాన్ని మా లెటర్‌హెడ్ మీద తిరిగి టైపు చేస్తాడు. హైదరాబాద్‌లో ఈ పని చేయని ఏజెంటును నేను చూడలేదు. అసలు వోచర్ మూడు పేజీలు. రెండో పేజీ అడుగున, "రిమార్క్స్" అనే శీర్షిక కింద, చీమ తల అంత అక్షరాల్లో ఒక వాక్యం ఉంది: తప్పనిసరి రుసుము గదికి రాత్రికి 42 డాలర్లు, పన్నులు అదనం, హోటల్లోనే చెల్లించాలి. మా వోచర్ ఒక్క పేజీ. ఆ వాక్యం దానిలోకి రాలేదు.

అక్కడ జరిగింది

శుక్రవారం సాయంత్రం డెన్వర్ నుంచి కొండలకు వెళ్లే ఐ-70 రహదారి సంగతి అక్కడున్న తెలుగువాళ్లకు చెప్పనక్కర్లేదు. ఐసెన్‌హోవర్ సొరంగం దాటేసరికే రాత్రి పది. హోటల్ చేరేసరికి పదకొండు. పిల్లలు భుజాల మీద నిద్రలో ఉన్నారు. హైదరాబాద్ సముద్ర మట్టానికి 1,800 అడుగుల లోపే ఉంటుంది, ఆ పట్టణాలు 9,000 అడుగుల పైన. ఆ ఎత్తుకు ఆయన భార్యకు తలనొప్పి, కడుపులో తిప్పడం. రిసెప్షన్‌లో ఒక కార్డు ఇచ్చి మూడు చోట్ల పొడి అక్షరాలు వేయమన్నారు. ఒకటి పొగ తాగబోమని, ఒకటి ఏదైనా పగిలితే నష్టపరిహారం ఇస్తామని, మూడోది రిసార్ట్ ఫీజు, అంటే మా వోచర్‌లోకి రాని ఆ తప్పనిసరి రుసుము. ఈయన మూడింటికీ వేశారు.

"34 ఏళ్లలో చదవకుండా సంతకం పెట్టిన కాగితం అదొక్కటేనమ్మా" అన్నారు నాతో. ఫిర్యాదు అంతటిలో ఆయన గొంతు తగ్గింది అక్కడే.

నాలుగు రోజులూ బాగానే గడిచాయి. మంచు పడింది. బ్రెకెన్‌రిడ్జ్ అనే స్కీ పట్టణానికి వెళ్లి, ఊళ్లోంచి కొండపాదం దాకా ఉచితంగా తీసుకెళ్లే గండోలాలో (తీగ మీద నడిచే పెట్టె) రెండుసార్లు తిరిగారు. పెద్దవాళ్లు స్కీయింగ్ జోలికి పోలేదు. పిల్లలు ఒక రోజు పాఠం నేర్చుకుని, అద్దె సామాను సాయంత్రమే దుకాణంలో తిరిగి ఇచ్చేశారు.

మంగళవారం ఉదయం తాళం కార్డులు ఇవ్వడానికి వెళితే బిల్లు వచ్చింది. రిసార్ట్ ఫీజు 42 చొప్పున ఎనిమిది, 336 డాలర్లు. దాని మీద పన్నులు 42. కారు పార్కింగ్ రాత్రికి 30 చొప్పున 120. మొత్తం 498. అంతా ముందే కట్టామని ఈయన మా వోచర్ చూపించారు. గది అద్దె కట్టారు, ఇది గది అద్దె కాదు అన్నారు కౌంటరు మీదున్న అమ్మాయి, మర్యాదగానే. వెనక ఇంకో నాలుగు కుటుంబాలు వరుసలో ఉన్నాయి. అప్పుడు అల్లుడు, "మామయ్యా, నేను ఇస్తాను లెండి" అంటూ జేబులో చెయ్యి పెట్టాడు.

నా దగ్గర ఈ మాట చెబుతున్నప్పుడు ఆయన బిల్లు వైపు చూడలేదు, కిటికీ వైపు చూశారు. అల్లుడి కార్డయితే డాలర్లలోనే పోయేది, పైసా అదనం ఉండేది కాదు. ఈయన వినలేదు, తన హైదరాబాద్ కార్డే ఇచ్చారు. డాలరు 87 రూపాయల లెక్కన 43,326. దాని మీద బ్యాంకు విదేశీ మారక రుసుము 3.5 శాతం, ఆ రుసుము మీద 18 శాతం జీఎస్‌టీ. చివరికి 45 వేలు దాటింది.

కారులో ఆవిడ అన్న మాట ఆయనే చెప్పారు: "పెళ్లి భోజనానికి పిలిచి, వడ్డించాక విస్తరాకుకు డబ్బులడిగినట్టుంది."

ఈ ఫీజు ఎందుకు పుట్టింది

ఆయన మొదటి ప్రశ్నకు జవాబు చెప్పడానికి నాకు గంట పట్టింది. ఇక్కడ కూడా కొంచెం సాగదీస్తాను, ఎందుకంటే మన దగ్గర దీన్ని "అమెరికా హోటళ్ల దోపిడీ" అని ఒక్క మాటలో తేల్చేస్తారు. అది సరిపోదు.

ఫీజును గది అద్దెలో కలిపేస్తే హోటల్‌కు మూడు విధాలుగా నష్టం. వెతికినప్పుడు 310 అని కనిపించి, 295 కిందికి జారిపోతుంది. బుకింగ్ సైట్లు గది అద్దె మీద కమిషన్ తీసుకుంటాయి. ఫీజును విడిగా, హోటల్లో వసూలు చేస్తే ఆ భాగం మీద కమిషన్ ఎగ్గొట్టవచ్చు. ఈ కిటుకు బుకింగ్ సైట్లకు తెలియనిది కాదు. 2019లో బుకింగ్ డాట్ కామ్ రిసార్ట్ ఫీజు మీద కూడా కమిషన్ తీసుకుంటామని ప్రకటించింది.

మూడోది స్కీ పట్టణాలకు ఎక్కువగా వర్తిస్తుంది, మన ఏజెంట్లలో చాలామందికి తెలియదు. అక్కడ హోటల్‌లా కనిపించే కట్టడాల్లో చాలావాటికి ఒక్క యజమాని ఉండడు. ఒక్కో గదిని ఒక్కో మనిషి కొనుక్కుంటాడు, ఏడాదిలో కొన్ని వారాలు తాను ఉంటాడు, మిగతా రోజులు అద్దెకు ఇమ్మని నిర్వహణ సంస్థకు అప్పగిస్తాడు. వచ్చిన అద్దెను ఇద్దరూ పంచుకుంటారు. రిసార్ట్ ఫీజు మాత్రం చాలాచోట్ల ఆ పంపకంలోకి రాదు, నిర్వహణ సంస్థకే మిగులుతుంది. అంటే అద్దెలో పది డాలర్లు పెంచితే సంస్థకు వచ్చేది కొంత, ఫీజులో పది పెంచితే వచ్చేది దాదాపు మొత్తం. మీరు ఆ సంస్థ మేనేజరైతే ఏది పెంచుతారు? మన అపార్ట్‌మెంట్లలో మెయింటెనెన్స్ పేరుతో జరిగే గొడవలు చూసినవాళ్లకు ఇది వెంటనే అర్థమవుతుంది. మా పెద్దాయనకు అర్థమైంది. ఆయన రెండేళ్లు వాళ్ల అసోసియేషన్ కోశాధికారి.

పైగా అక్కడ సీజన్ చిన్నది. మంచు నవంబర్ నుంచి ఏప్రిల్ దాకా ఉన్నా, నిజంగా గదులు నిండేది క్రిస్మస్, కొత్త సంవత్సరం, జనవరి, ఫిబ్రవరి సెలవు వారాంతాలు, మార్చి బడి సెలవులు. ఆ కొద్ది రోజుల్లోనే ఏడాది ఖర్చు రాబట్టుకోవాలి. దాన్ని నేను తప్పు పట్టను. కొలరాడోలోనే ఉన్న వెయిల్ అనే స్కీ రిసార్ట్‌లో 2024-25 సీజన్లో రద్దీ రోజున కౌంటరు దగ్గర కొనే ఒక్క రోజు లిఫ్టు టికెట్టు 329 డాలర్లు. గుండె ఆగే ధరే, కానీ బోర్డు మీద ఎంతుందో అంతే తీసుకుంటారు. సీజన్ పాస్ ముందుగా కొనుక్కున్నవాడికి చవక, ఆఖరి నిమిషంలో వచ్చినవాడికి ఖరీదు. కఠినమైన వ్యాపారం, అయినా చెప్పి చేస్తున్న వ్యాపారం. రిసార్ట్ ఫీజు అలా కాదు. వద్దనడానికి వీల్లేనిది ఏదైనా అద్దే. దానికి వేరే పేరు పెట్టడం ఎంపిక చేసుకునే క్షణంలో మనిషిని పక్కదారి పట్టించడానికే. ఈ కేసులో ఆయన 216 డాలర్లు మిగిలాయనుకున్నారు. నిజానికి 295 హోటల్ మొత్తం అద్దె 2,360, ఈయన కట్టింది 2,480. పన్నులు వదిలేసినా 120 డాలర్లు ఎక్కువ పెట్టి, టిఫిన్ లేని గది తీసుకున్నారు.

మొదటి ఉత్తరం, ఎందుకు తేలిపోయింది

నేను హోటల్‌కు రాసిన మొదటి ఈమెయిల్ ఆవేశంలో రాసింది. ఫీజు సంగతి ముందుగా చెప్పలేదు, కాబట్టి మొత్తం తిరిగి ఇవ్వాలన్నాను. మూడు రోజుల్లో జవాబు వచ్చింది, రెండు కాగితాలు జతచేసి. ఒకటి అసలు వోచర్ రెండో పేజీ. రెండోది ఆయన పొడి అక్షరాలు వేసిన కార్డు.

ఆ రెండో పేజీని నేను అప్పుడే మొదటిసారి చదివాను. మా కుర్రాడిని పిలిచి తిట్టబోయి ఆగిపోయాను. టైపు చేసేటప్పుడు రిమార్క్స్ వదిలేయమని అతనికి నేర్పింది నేనే. అందులో ఎప్పుడూ చెక్ ఇన్ సమయం, పెంపుడు జంతువుల నియమం తప్ప ఏమీ ఉండవని నా నమ్మకం.

ఇంకా సిగ్గుపడాల్సిన సంగతి ఉంది. ఇదే ఆఫీసు డిసెంబర్‌లో గుల్‌మార్గ్, మనాలీ ప్యాకేజీలు అమ్ముతుంది. క్రిస్మస్ ముందు రాత్రి, డిసెంబర్ 31 రాత్రి అక్కడి హోటళ్లలో గాలా డిన్నర్ తప్పనిసరి. మీరు తిన్నా, గదిలో పెరుగన్నం కలుపుకున్నా తలకు ఇంత అని కట్టాల్సిందే. ఆ డబ్బు కొటేషన్‌లో వేయడం మా వాళ్లు కలలో కూడా మరచిపోరు, ఎందుకంటే పదేళ్ల కింద ఒక పెళ్లివారి గుంపుతో దెబ్బ తిన్నాం. రిసార్ట్ ఫీజు అదే గాలా డిన్నర్. తలకు బదులు గదికి, ఒక రాత్రికి బదులు ప్రతి రాత్రికీ వేస్తారు, అంతే. మన మంచుకొండల మోసం తెలిసిన మాకు వాళ్ల మంచుకొండల మోసం తెలియలేదు.

బ్యాంకుకు వెళ్లి కార్డు చెల్లింపును సవాలు చేద్దామా అని ఆయన అడిగారు. వద్దన్నాను. సంతకం ఉన్న కార్డు హోటల్ చేతిలో ఉండగా అది నిలవదు. బ్యాంకు మనిషి కాబట్టి ఆయన వెంటనే తల ఊపారు.

రెండో ఉత్తరం

రెండు వారాలు ఆగాం. ఈసారి ఆయన, నేను కలిసి రాశాం. వాదన మార్చాం. ఫీజు చెప్పారా లేదా అన్నది పక్కన పెట్టి, ఆ ఫీజుకు ఏమిచ్చారో అడిగాం.

హోటల్ సొంత జాబితా ప్రకారం ఫీజులో వచ్చేవి: వైఫై, స్థానిక ఫోన్ కాల్స్, స్కీ సామాను పెట్టుకునే లాకరు, వేడినీళ్ల తొట్టి, లిఫ్టు దాకా షటిల్, లాబీలో కాఫీ, రోజుకు గదికి రెండు నీళ్ల సీసాలు. ఒక్కొక్కటే తీసుకున్నాం. తొట్టి నాలుగు రోజుల్లో రెండు రోజులు మరమ్మతులో ఉంది. పెద్ద మనవరాలు ఈత దుస్తుల్లో, మూసి ఉన్న గేటు ముందు మూతి ముడుచుకుని నిలబడిన ఫొటో ఉంది. వెనక "మరమ్మతు జరుగుతోంది" బోర్డు, ఫోనులో తేదీ. ఆ పిల్ల అలగడం మా కేసుకు ప్రధాన సాక్ష్యమైంది.

షటిల్ సంగతి ఇంకా బాగుంది. రిసెప్షన్‌లో అడిగితే ఎదురుగా ఉన్న స్టాపులో నిలబడమన్నారట. వచ్చింది సమ్మిట్ స్టేజ్ బస్సు. అది కౌంటీ నడిపే బస్సు, ఎక్కినవాళ్లందరికీ ఉచితం. అంటే ఊరంతా ఉచితంగా ఎక్కే బస్సును తమ సౌకర్యాల జాబితాలో రాసుకుని రాత్రికి 42 డాలర్లలో చూపించారు. కోఠీలో బస్టాపు పక్కన లాడ్జి పెట్టి, ఆర్టీసీ బస్సును తమ ఖాతాలో వేసుకున్నట్టు. ఉత్తరంలో ఇంత ఘాటుగా రాయలేదు. మీ షటిల్ సమయాలు పంపండి, ఏ రోజు ఎన్నిసార్లు నడిచిందో చెప్పండి అని మాత్రం అడిగాం.

ఈ మధ్యలో మార్చి 28న ఢిల్లీ హైకోర్టు తీర్పు వచ్చింది. రెస్టారెంట్లు, హోటళ్లు సర్వీస్ చార్జీని బిల్లులో దానంతటదే వేయకూడదన్న 2022 జులై 4 నాటి వినియోగదారుల రక్షణ అథారిటీ మార్గదర్శకాలను కోర్టు సమర్థించింది. పెద్దాయన మర్నాడే పేపరు కత్తిరింపుతో వచ్చారు. అది కొలరాడో హోటల్‌కు వర్తించదని చెబితే, "తెలుసమ్మా, అది నీ కోసం తెచ్చాను" అన్నారు.

ఆయన ఉద్దేశం నాకు అర్థమైంది. కొలరాడో దూరం కావచ్చు, నేను దూరం కాదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం ఆయన తాను ఉండే చోటి జిల్లా కమిషన్‌లోనే ఫిర్యాదు వేయవచ్చు. 5 లక్షల లోపు కేసుకు ఫీజు కూడా లేదు. ఆన్‌లైన్‌లో అమ్మేవాళ్లు తప్పనిసరి చార్జీలన్నీ కలిపి ఒకే మొత్తంగా ధర చూపాలని 2020 ఈ-కామర్స్ నియమాలు చెబుతున్నాయి. ధరను చుక్కలు చుక్కలుగా బయటపెట్టడాన్ని 2023 నవంబర్ 30 నాటి డార్క్ ప్యాటర్న్స్ (కొనేవాళ్లను తప్పుదారి పట్టించే ఎత్తుగడలు) మార్గదర్శకాలు నిషేధించిన 13 పద్ధతుల్లో ఒకటిగా చేర్చాయి. నేను ఈమెయిల్‌లో అమ్మాను కాబట్టి ఇవి నాకు తగులుతాయా లేదా అని వకీళ్లు వాదించుకోవచ్చు. "అన్ని పన్నులూ కలిపి" అని రాసి, కలపకుండా వదిలేసిన కాగితం ఆయన దగ్గర ఉన్నప్పుడు ఆ వాదన నాకు పెద్దగా అక్కరకు రాదు.

ఏప్రిల్ మొదట్లో హోటల్ నుంచి జవాబు వచ్చింది. షటిల్ గురించి ఒక్క ముక్క లేదు. సద్భావంతో సగం ఫీజు, దాని మీద పన్ను తిరిగి ఇస్తున్నామన్నారు. 168, 21 కలిపి 189 డాలర్లు. పది రోజుల్లో కార్డులోకి వచ్చింది.

మిగతా 189 నేను పెట్టుకున్నాను. 87 రూపాయల చొప్పున 16,443, దాని మీద ఆయన కార్డుకు పడిన మారక రుసుము 679, మొత్తం 17,122 రూపాయలు. ఆ బుకింగ్ మీద నాకు మిగిలింది అంతకన్నా తక్కువ. పూర్తిగా నేనే ఎందుకు భరించాలని మా వారు అడిగారు. హోటల్ చెప్పింది, ఎంత చిన్న అక్షరాల్లోనైనా. పోర్టల్ చెప్పింది. చెప్పనిది నేనొక్కదాన్నే.

నియమాలు మారాక

2025 మే 12న అమెరికాలో వినియోగదారుల రక్షణ చూసే ఫెడరల్ ట్రేడ్ కమిషన్ కొత్త నియమం అమల్లోకి వచ్చింది. 2012లోనే ఆ కమిషన్ 22 హోటల్ సంస్థలకు రిసార్ట్ ఫీజు గురించి హెచ్చరిక లేఖలు రాసింది; 2019లో వాషింగ్టన్ డీసీ ప్రభుత్వం మారియట్ హోటళ్ల మీద, నెబ్రాస్కా రాష్ట్రం హిల్టన్ హోటళ్ల మీద కేసులు వేశాయి; కాలిఫోర్నియా 2024 జులై 1 నుంచి తన చట్టం తెచ్చుకుంది. దేశమంతటికీ వర్తించే నియమాన్ని 2024 డిసెంబర్ 17న ప్రకటించారు, అదీ రెండు రంగాలకే: కార్యక్రమాల టికెట్లు, తాత్కాలిక బస. కొలరాడో సొంత చట్టం 2026 జనవరి 1 నుంచి అమల్లో ఉంది. మా కేసు దేశమంతటి నియమం, కొలరాడో చట్టం అమల్లోకి రావడానికి కొద్ది నెలల ముందు జరిగింది.

నియమం ఫీజును రద్దు చేయలేదు. మా కస్టమర్లలో సగం మంది ఇక్కడే పొరబడతారు. తప్పనిసరిగా కట్టాల్సిందంతా కలిపిన మొత్తాన్ని మొదటి నుంచీ, మిగతా అంకెల కంటే ప్రస్ఫుటంగా చూపాలంటుంది, అంతే. ప్రభుత్వ పన్నులను ఆ మొత్తంలో చేర్చకపోయినా ఫరవాలేదు, డబ్బు కట్టకముందు చెబితే చాలు. అంటే 268 అని ఊరించి 310 వసూలు చేయలేరు. 310 అని చూపించి, బిల్లులో 268, 42 అని విడదీసి రాసుకోవచ్చు. నా దృష్టిలో ఇది చాలు. మా పెద్దాయనకు 310 మొదటే కనిపించి ఉంటే 295 హోటల్లో దిగేవారు, టిఫిన్ తినేవారు, ఈ కేసు ఉండేది కాదు.

కానీ హైదరాబాద్‌లో కూర్చుని మేము తెరిచే నెట్ రేట్ల తెర అమెరికా కస్టమర్ చూసే తెర కాదు. అందులో ఇప్పటికీ కొన్ని హోటళ్లకు "హోటల్లో చెల్లించాలి" అనే వరుస విడిగా, కిందే వస్తోంది. అందుకని ఇప్పుడు ఏ అమెరికా బుకింగ్ అయినా ఖాయం చేసే ముందు మా కుర్రాడు హోటల్ సొంత సైటు తెరిచి, అవే తేదీలకు, చెల్లింపు పేజీ దాకా వెళ్లి, అక్కడ కనిపించే ఆఖరి అంకెను రాసుకుంటాడు. పోర్టల్ అంకెతో తేడా వస్తే ఎందుకో తేలే వరకు కొటేషన్ బయటికి పోదు. వోచర్ టైపు చేయడం మానలేదు, ఒప్పుకుంటున్నాను. రిమార్క్స్ మాత్రం ఉన్నదున్నట్టు, పెద్ద అక్షరాల్లో, మొదటి పేజీలోకి వచ్చాయి. "అన్ని పన్నులూ కలిపి" అన్న మాట మా కొటేషన్లలోంచి తీసేశాను. దాని చోట ఇక్కడ కట్టాల్సింది ఇంత, అక్కడ కట్టాల్సింది ఇంత అని రెండు వరుసలు, కింద మొత్తం. అక్కడ ఏమీ కట్టనక్కర్లేకపోతే సున్నా వేస్తాం, ఖాళీ వదలం. ఇంత చేసినా పోయిన డిసెంబర్‌లో ఒక కుటుంబం 310 లాంటి మా అంకె చూసి, 268 లాంటి అంకె చెప్పిన వేరే ఏజెంటు దగ్గరికి వెళ్లిపోయింది.

పెద్దాయన కేసు ఫైలు ఇంకా నా దగ్గరే ఉంది. నేను ఇచ్చిన 17,122కు ఆయన రసీదు రాసి ఇచ్చారు. 5,000 దాటితే రెవెన్యూ స్టాంపు ఉండాలని పర్సులోంచి రూపాయి స్టాంపు తీసి, నాలుకతో తడిపి అంటించి, దాని మీదుగా సంతకం చేశారు. తర్వాత హోటల్ బిల్లు ముందుకు లాక్కున్నారు. ఫీజు వరుసకు టిక్కు పెట్టారు, పన్ను వరుసకు టిక్కు పెట్టారు. పార్కింగ్ 120 దగ్గర పెన్సిల్ ఆగింది.

అది ఐచ్ఛికం, కారు తెచ్చినవాళ్లే కడతారు, కొత్త నియమం వచ్చినా అది మొత్తంలోకి రాదు అని చెప్పాను. "చలికాలం రాత్రిళ్లు మంచు తీసే బండ్లు తిరగాలని వీధిలో కారు పెట్టనివ్వరు. కారు లేకుండా పిల్లలతో ఆ కొండెక్కలేం. మరి ఇది ఐచ్ఛికం ఎలా అవుతుందమ్మా?" అన్నారు. కారులో వెళ్తున్నారా అని నేను నవంబర్‌లో అడిగి ఉండాల్సింది. అడగలేదు. ఆ వరుస పక్కన ఆయన ఎర్ర పెన్సిల్‌తో "పెండింగ్" అని రాసి, తేదీ వేసి, కాగితం నా వైపు జరిపారు.